పొయ్యిలో దాచిన హత్య: అమెరికా సరిహద్దు కోర్టు దస్తాల్లో ఒక కుటుంబం కేసును ఎలా వెతకాలి?

1811 డిసెంబరు 15 రాత్రి. కెంటకీ రాష్ట్రం పశ్చిమ కొసన, ఒహాయో నది ఒడ్డున లివింగ్‌స్టన్ కౌంటీ. అక్కడ ‘రాకీ హిల్’ అని పిలిచే ఇంటి వంటగదిలో జార్జ్ అనే బానిస కుర్రవాణ్ని గొడ్డలితో చంపారు. అతనికి సుమారు 17 ఏళ్లు. చంపింది యజమాని లిల్‌బర్న్ లూయిస్, తోడుగా ఉన్నది తమ్ముడు ఐషం లూయిస్. మిగతా బానిసలను అదే గదిలోకి పిలిచి, వాళ్ల కళ్లముందే ఈ పని చేశారు. శరీరాన్ని ముక్కలు చేసి పొయ్యిలో వేశారు. తెల్లవారుజామున రెండు దాటాక భూమి కంపించింది. ఉత్తర అమెరికా చరిత్రలో పేరుమోసిన న్యూ మాడ్రిడ్ భూకంపాల్లో మొదటిది అదే. పొగగొట్టం కూలి మంట ఆరిపోయింది. మిగిలిన అవశేషాలను అన్నదమ్ములు పొయ్యి రాళ్లలోనే పూడ్చి గోడ మళ్లీ కట్టించారని, తర్వాతి ప్రకంపనల్లో అదీ కూలిందని, ఒక కుక్క తల ఎముకను బయటికి లాక్కెళ్లిందని చెబుతారు.

ఈ అన్నదమ్ములు అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు స్వయానా మేనల్లుళ్లు. ఆయన చెల్లెలు లూసీ కొడుకులు.

అధ్యక్షుడి బంధువులు, భూకంపం, కుక్క, ఎముక. ఇంత హడావిడి ఉన్న కేసు గనుక కోర్టు పుస్తకం తెరిస్తే పేజీలకు పేజీలు ఉంటాయనుకుంటాం. తీరా తెరిస్తే నాలుగు పొడి పంక్తులు: ఫలానా రోజు కోర్టు కూర్చుంది, గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు విచారణకు నిలుస్తుందో లేదో తేల్చే పౌరుల బృందం, అభియోగం ఖాయం చేసింది, ఫలానావారు జామీను నిలిచారు, కేసు వాయిదా పడింది. అంతే. సరిహద్దు ప్రాంతాల, అంటే అప్పట్లో తెల్లవాళ్లు కొత్తగా స్థిరపడుతున్న పశ్చిమ ప్రాంతాల, కేసులు వెతికే చాలామంది ఇక్కడే నీరుగారిపోతారు. తప్పు పుస్తకానిది కాదు. కోర్టు గుమస్తా హత్య కథ రాయడానికి కూర్చోలేదు. ఆ రోజు కోర్టు ఏం చేసిందో, ఎవరు ఎంత సొమ్ముకు పూచీ పడ్డారో రాసుకోవడానికి కూర్చున్నాడు. మన తాతలనాటి దస్తావేజులు చదివినవాళ్లకు ఈ సంగతి తెలుసు. పొలం ఎవరిదో ఉంటుంది గాని, అన్నదమ్ములు ఎందుకు విడిపోయారో ఉండదు.

కాబట్టి వెతకాల్సిన పద్ధతి వేరు. లూయిస్ కేసునే చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టూ చూద్దాం. మీరు వెతికే కుటుంబం వేరైనా, కౌంటీ వేరైనా దారి ఇదే.

1. విన్నది ఒకవైపు, చూసింది ఒకవైపు

ముందుగా ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీరు విన్నదంతా రాయండి. కుడివైపు అప్పటి కాగితం మీద మీ కళ్లతో చూసింది మాత్రమే రాయండి. మొదటి రోజు కుడివైపు ఖాళీగానే ఉంటుంది, కంగారు పడనక్కరలేదు.

లూయిస్ కేసులో ఎడమవైపు ఇలా నిండుతుంది: జార్జ్ నీళ్ల కూజా పగలగొట్టాడు, అందుకే చంపారు, భూకంపం హత్యను బయటపెట్టింది, అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు కాల్చుకుని చనిపోవాలని ఒప్పందం చేసుకున్నారు, ఐషం జైలు నుంచి పారిపోయి 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్ యుద్ధంలో చనిపోయాడు. వీటిలో ఏది గుమస్తా చేతిరాతలో దొరుకుతుంది, ఏది ఎవరి నోట పుట్టింది అన్నది తేల్చడమే మీ పని. కూజా సంగతి అభియోగపత్రంలో ఉంటుందని ఆశపడకండి. అప్పటి అభియోగపత్రాలకు ఎందుకు చంపాడన్నది అక్కరలేదు. ఎప్పుడు, ఎక్కడ, దేనితో, ఎలా అన్నవి చాలు.

2. ఆ రోజు ఆ నేల ఎవరిది?

తెలుగువాళ్లకు ఈ మెట్టు కొత్తగా చెప్పనక్కరలేదు. ముత్తాత పుట్టిన ఊరు ఆనాడు ఏ జిల్లాలో ఉందో, ఏ తాలూకాలో ఉందో తేలితే తప్ప కాగితం దొరకదు. అమెరికా సరిహద్దులోనూ అంతే, ఇంకాస్త వేగంగా. జనం పెరిగేకొద్దీ పెద్ద కౌంటీలను కోసి చిన్నవి చేశారు.

కెంటకీ 1792 జూన్ 1న రాష్ట్రమైంది. అంతకు ముందు అది వర్జీనియాలో భాగం. 1783 నుంచి కెంటకీ జిల్లాకు విడిగా ఒక పై కోర్టు పనిచేసింది. కనుక 1780ల నాటి కేసు అయితే వర్జీనియా వైపు కూడా చూడాలి. లివింగ్‌స్టన్ కౌంటీ 1790ల చివర క్రిస్టియన్ కౌంటీ నుంచి విడిపోయింది. తర్వాత దాని నుంచి 1809లో కాల్డ్‌వెల్, 1842లో క్రిటెండెన్ కౌంటీలు పుట్టాయి. హత్య జరిగిన నాటికి కౌంటీ కేంద్రం సేలం, ఇప్పుడు స్మిత్‌లాండ్. ‘సేలం కోర్టు’ అని పాత పత్రికలో చూసి మసాచుసెట్స్‌లో మంత్రగత్తెల విచారణ జరిగిన సేలం వైపు వెళ్లిపోతే అసలు దారి తప్పినట్టే.

నియమం ఒక్కటే. కౌంటీ చీలినప్పుడు పాత పుస్తకాలు సాధారణంగా తల్లి కౌంటీలోనే ఉండిపోతాయి, పిల్ల కౌంటీకి పంచిపెట్టరు. సరిహద్దు మార్పుల పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తేదీ ఇస్తే ఆ రోజు నాటి గీతలు చూపిస్తాయి. ఆ పని ఐదు నిమిషాలది. చేయకపోతే ఐదు వారాలు పోతాయి.

3. ఏ కోర్టు?

ఒకే కోర్టుహౌస్‌లో రెండు మూడు కోర్టులు కూర్చునేవి. కెంటకీలో 1800ల మొదటి ఏళ్ల నుంచి పెద్ద నేరాలు సర్క్యూట్ కోర్టువి. వీలునామాలు, అనాథ పిల్లల సంరక్షకులు, రోడ్లు, రేవులు, చనిపోయినవాళ్ల ఆస్తులు కౌంటీ కోర్టువి. అంతకు ముందు మూడు నెలలకోసారి కూర్చునే క్వార్టర్ సెషన్స్ కోర్టులు, జిల్లా కోర్టులు ఉండేవి. మీ కేసు ఏ ఏడాదిదో దాన్నిబట్టి పుస్తకం పేరే మారిపోతుంది.

దీనికి మంచి ఉదాహరణ హార్ప్ కుటుంబం. మికాజా హార్ప్, వైలీ హార్ప్, వాళ్లతో ఉన్న ముగ్గురు స్త్రీలు 1798 డిసెంబరులో స్టీఫెన్ లాంగ్‌ఫర్డ్ అనే ప్రయాణికుణ్ని చంపారని పట్టుబడ్డారు. తొలి విచారణ లింకన్ కౌంటీ క్వార్టర్ సెషన్స్‌లో, స్టాన్‌ఫర్డ్‌లో జరిగింది. అక్కడ నేరం ఉందని తేల్చి డాన్‌విల్ జిల్లా కోర్టుకు పంపారు. అంటే ఒకే కేసు కాగితాలు రెండు ఊళ్లలో రెండు పుస్తకాల్లో పడ్డాయి. విచారణ రోజు రాకముందే 1799 మార్చిలో మగవాళ్లిద్దరూ జైలు గోడ బద్దలుకొట్టుకుని పోయారు. చివరికి కోర్టు ముందు నిలబడింది ఆడవాళ్లే, వాళ్లూ బయటపడ్డారు. పైగా ఆ దస్తాల్లో హార్ప్ అనే పేరు కోసం వెతికితే చిక్కే, ఎందుకంటే వాళ్లు రాబర్ట్స్ వంటి వేరే ఇంటిపేర్లు చెప్పుకున్నారు.

పేర్ల సంగతి వచ్చింది కనుక ఇక్కడే చెప్పేస్తాను. గుమస్తా చెవికి వినబడినట్టు రాసేవాడు. లిల్‌బర్న్ పేరు చివరి అక్షరం ఒకచోట ఉంటుంది, ఒకచోట ఊడిపోతుంది. ఐషం ఒక పేజీలో ఐసం అవుతాడు. మన ఇంటిపేర్లు రేషన్‌కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండటం చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. నాలుగైదు రకాల వర్ణక్రమం రాసుకుని అన్నిటితోనూ వెతకండి.

4. ఇంట్లో కూర్చుని ఎంతవరకు?

ఆశ్చర్యంగా, చాలావరకు. ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వెబ్‌సైటులో ఖాతా తెరవండి. మామూలు పేరు వెతుకులాట దగ్గర ఆగిపోకండి. ‘కాటలాగ్’లోకి వెళ్లి స్థలం దగ్గర కెంటకీ, లివింగ్‌స్టన్ అని ఇవ్వండి. కోర్టు రికార్డులు, ప్రొబేట్ (వీలునామా, వారసత్వ) రికార్డులు, భూమి, పన్నులు అని విభాగాలు వస్తాయి. పాత మైక్రోఫిల్ముల బొమ్మలు పేజీ వెంట పేజీ కనిపిస్తాయి. కొన్ని మాత్రం ఆ సంస్థ కేంద్రాల్లో, అనుబంధ గ్రంథాలయాల్లోనే తెరుచుకుంటాయి. చేతిరాత పుస్తకాల్లో మాటలను యంత్రం చదివి వెతికిపెట్టే సదుపాయం కూడా 2024 నుంచి అందులో వచ్చింది. అది దొరకబుచ్చుకునే సాక్షుల పేర్లు, జామీనుదారుల పేర్లు మామూలు సూచికల్లో ఉండవు. అయితే యంత్రం చదివిన మాటను నమ్మి ఊరుకోకండి, బొమ్మ తెరిచి మీరే చదవండి.

అక్కడ ఆగిపోతే రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న కెంటకీ రాష్ట్ర గ్రంథాలయాలు, ఆర్కైవ్స్ విభాగానికి రాయాలి. రుసుము తీసుకుని నకళ్లు పంపుతారు. ఉత్తరం రాసేటప్పుడు కథ చెప్పకండి. కోర్టు పేరు, కౌంటీ, ఏడాది, నెల, కక్షిదారుల పేర్లు, పుస్తకం కావాలా విడి కాగితాల కట్ట కావాలా, అంతే. మూడు పేజీల ఉత్తరానికి మూడు పంక్తుల జవాబు వస్తుంది, మూడు పంక్తుల ఉత్తరానికి కట్ట వస్తుంది.

పుస్తకం, కట్ట అన్నాను. ఈ తేడా పట్టుకోవడం చాలా ముఖ్యం. ‘ఆర్డర్ బుక్’ అనేది రోజువారీ ఉత్తర్వుల పుస్తకం. గట్టి అట్ట వేసి బైండు చేసింది కనుక బతికింది. అసలు సరుకు విడి కాగితాల్లో ఉంటుంది. అభియోగపత్రం, వారంటు, సాక్షులకు పంపిన సమన్లు, జామీను పత్రాలు, శవ పంచనామా మడతపెట్టి టేపుతో కట్టి పెట్టేవారు. ఆర్డర్ బుక్‌లో తేదీ పట్టుకుని, ఆ తేదీ చెప్పి కట్ట అడగాలి.

5. అభియోగపత్రం చదివే విద్య

1812 మార్చిలో లివింగ్‌స్టన్ సర్క్యూట్ కోర్టు గ్రాండ్ జ్యూరీ అన్నదమ్ములిద్దరి మీదా హత్యాభియోగం మోపింది. ఇలాంటి పత్రం చేతికొస్తే మొదటిసారి చదివేవాళ్లు ఉలిక్కిపడతారు. ముద్దాయి దేవుడి భయం లేక, సైతాను ప్రేరేపణకు లోబడి ఈ పని చేశాడని ఉంటుంది. ఆ గుమస్తా ఎంత భక్తిపరుడో అనుకోకండి. అది ఇంగ్లండు నుంచి వచ్చిన అచ్చు మాట, ప్రతి హత్య కేసులోనూ ఉంటుంది. గొడ్డలికో తుపాకికో డాలర్లలో వెల కట్టి ఉంటుంది. అదీ పాత ఇంగ్లిషు ఆచారమే, ప్రాణం తీసిన వస్తువు ప్రభువుకు చెందుతుందన్న రోజుల మిగులు. గాయం ఎన్ని అంగుళాల పొడవు, ఎంత లోతు అన్న లెక్క కూడా ఉంటుంది. వీటిలో ఏది ఊరికే అచ్చు మాట, ఏది ఈ కేసుకే సొంతం అని విడదీయాలంటే ఒక చిట్కా ఉంది. అదే పుస్తకంలో అదే ఏడాది మరో రెండు అభియోగపత్రాలు చదవండి. మూడింట్లోనూ ఒకేలా ఉన్నదాన్ని గీసిపారేయండి. మిగిలిందే మీ కేసు.

పత్రం వెనకవైపు తప్పక చూడండి. గ్రాండ్ జ్యూరీ పెద్ద సంతకం, ‘నిజమైన అభియోగం’ అన్న మాట, దాని కింద సాక్షుల పేర్లు అక్కడే ఉంటాయి. నకలు అడిగేటప్పుడు రెండు వైపులా కావాలని రాయకపోతే ముందువైపే పంపుతారు.

మాటలు కూడా కాస్త నేర్చుకోవాలి. గ్రాండ్ జ్యూరీ అభియోగాన్ని తోసిపుచ్చితే లాటిన్‌లో ‘ఇగ్నొరామస్’ అని రాసేవారు, మాకు తెలియదు అని దానర్థం. ‘కేపియస్’ అంటే పట్టుకురమ్మనే ఆజ్ఞ. ‘రికగ్నిజన్స్’ అంటే మనవాళ్ల ముచ్చలికే, రాకపోతే ఇంత సొమ్ము చెల్లిస్తానని కోర్టులో ఒప్పుకోవడం. ‘నోలి ప్రోసెక్వై’ అంటే ప్రభుత్వ వకీలు కేసు వదిలేశాడని. ‘అబేట్’ అయిందంటే ముద్దాయి చనిపోయాడు, కేసు అక్కడితో ముగిసింది. చేతిరాతలో మాట మధ్య వచ్చే ‘స’కార అక్షరం పొడుగ్గా ‘ఎఫ్’లా కనిపిస్తుంది. రెండు రోజుల్లో కళ్లకు అలవాటవుతుంది.

మరో విషయం. కెంటకీ 1798లోనే హత్యను స్థాయిలుగా విడగొట్టి, ఉరిశిక్షను మొదటి స్థాయి హత్యకే పరిమితం చేసింది. ఈ పద్ధతి 1794లో పెన్సిల్వేనియాలో మొదలైంది. కాబట్టి మీ ముద్దాయికి ఉరి పడలేదంటే నిర్దోషి అని కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ పెనిటెన్షరీ, అంటే రాష్ట్ర కారాగారం, దాని దస్తాలూ వెతకాలి. గవర్నరు క్షమాభిక్ష పెట్టాడేమో ఆయన కార్యాలయ కాగితాలూ చూడాలి. క్షమాభిక్ష అర్జీల్లో ఇరుగుపొరుగు సంతకాలు, ముద్దాయి కుటుంబం గురించి నాలుగు మాటలు ఉంటాయి. కోర్టు పుస్తకం దాచిన మనుషులు అక్కడ బయటపడతారు.

6. ఎవరు మాట్లాడలేదు?

ఇక్కడ కాసేపు ఆగాలి. రాకీ హిల్ వంటగదిలో హత్య చూసినవాళ్లు చాలామంది. కాని వాళ్లంతా బానిసలు. తెల్లవాడి మీద నల్లవాడి సాక్ష్యం చెల్లదన్నది అప్పటి చట్టం. అంటే కళ్లారా చూసినవాళ్ల మాట కోర్టు పుస్తకంలో ఉండటానికి వీల్లేదు. సాక్షుల జాబితాలో తెల్లవాళ్ల పేర్లే కనబడితే, వాళ్లకు ఈ సంగతి ఎలా తెలిసింది అని ప్రతి పేరు దగ్గరా అడగండి. పొరుగువాడా? భార్య తరపు బంధువా? అవశేషాలు చూసినవాడా? లిల్‌బర్న్ రెండో భార్య లెటీషియా రటర్ కుటుంబం ఆ చుట్టుపక్కలదే. కనుక లూయిస్ పేరుతో పాటు రటర్ పేరు కూడా వెతుకులాటలో ఉండాలి.

ఈ చట్టం ఊరూపేరూ లేని చోటే పనిచేసిందనుకోవద్దు. 1806లో వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో జార్జ్ విత్ చనిపోయాడు. ఆయన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాడు, జెఫర్సన్‌కు న్యాయశాస్త్రం నేర్పినవాడు. ఆర్సెనిక్ పెట్టి చంపాడన్న అభియోగం ఆయన ఇంట్లోనే ఉంటున్న సోదరి మనవడు జార్జ్ విత్ స్వీనీ మీద పడింది. అదే విషానికి మైకేల్ బ్రౌన్ అనే కుర్రవాడూ బలయ్యాడు. వంట చేసే లిడియా బ్రాడ్‌నాక్స్ మాత్రం బతికింది. ఆమె స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీ. ఆమె సాక్ష్యం కోర్టు వినలేదు, స్వీనీ నిర్దోషిగా బయటికొచ్చాడు. తీర్పు ఒక్కటే చదివినవాళ్లకు ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు.

7. విచారణే జరగకపోతే డబ్బు వెంట వెళ్లండి

లూయిస్ కేసులో విచారణ జరగనే లేదు. జామీను మీద బయట ఉన్న లిల్‌బర్న్ 1812 ఏప్రిల్ 10న రాకీ హిల్ శ్మశానవాటికలో తుపాకి గుండుకు చనిపోయాడు. ఇద్దరూ కలిసి చావాలనుకున్నారని, తుపాకి పేలకపోతే ఏం చేయాలో తమ్ముడికి చూపిస్తుండగా అది పేలిందని ప్రచారంలో ఉన్న కథనం. అలాంటి వివరం ఎవరి నోటి నుంచి వచ్చి ఉంటుంది? బతికి మిగిలిన తమ్ముడి నోటి నుంచే కదా అన్న అనుమానం మీకు రావాలి. ఆత్మహత్యకు తోడ్పడటం ఆనాటి చట్టంలో హత్యతో సమానం, అందుకని ఐషంను మళ్లీ పట్టుకుని జైల్లో పెట్టారు. కొద్ది వారాల్లో అతను తప్పించుకున్నాడు. సరిహద్దు జైళ్లు దుంగలతో కట్టినవి, తప్పించుకోవడం పెద్ద విద్య కాదు.

నేరవిచారణ పుస్తకం ఇక్కడ మూసుకుపోతుంది. మీరు మూసేయకూడదు. ఇప్పుడే కౌంటీ కోర్టు వైపు, అంటే ఆస్తుల వైపు తిరగాలి. లిల్‌బర్న్ చావుకు ముందురోజు తేదీతో వీలునామా రాశాడు. అలాంటి వీలునామాలో కోపం ఉంటుంది, పేర్లుంటాయి, ఎవరికి ఇవ్వకూడదో ఉంటుంది. తర్వాత ఆస్తి మదింపు జాబితా వస్తుంది. ముగ్గురు పొరుగువాళ్లు ఇంటికొచ్చి కుర్చీలు, గిన్నెలు, గుర్రాలు, మనుషులు అన్నిటికీ వరుసగా ధర కడతారు. అవును, మనుషులకు కూడా. ఆ తర్వాత వేలంపాట పద్దు, అప్పులవాళ్ల దావాలు, అనాథ పిల్లలకు సంరక్షకుల నియామకం. వాటితోపాటు జైలరు ఖైదీ తిండికి ఎంత తీసుకున్నాడు, కాపలాదారులకు ఎన్ని రోజుల కూలి, సాక్షులు ఎన్ని మైళ్లు నడిచొచ్చినందుకు ఎంత భత్యం అన్న లెక్కలూ ఉంటాయి. సాక్షి భత్యం పద్దు ఒక్కటి చాలు, ఎవరు ఎన్ని రోజులు కోర్టుకొచ్చారో తేల్చడానికి. నన్నడిగితే హత్య కేసుల్లో అన్నిటికంటే నిజాయితీగల కాగితం అదే. డబ్బు దగ్గర ఎవరూ అలంకారాలు వాడరు.

పన్ను జాబితాలు కూడా చూడండి. కెంటకీ 1790, 1800 జనగణన పత్రాలు దక్కలేదు కనుక ఏటేటా రాసిన పన్ను జాబితాలే దిక్కు. ఎవరికి ఎంత భూమి, ఏ వాగు మీద, ఎందరు బానిసలు, ఎన్ని గుర్రాలు అన్నది వరుసగా నాలుగైదేళ్లు చదివితే ఆ కుటుంబం ఎదిగిందో చితికిందో తెలిసిపోతుంది. వర్జీనియా నుంచి గొప్పగా తరలివచ్చిన లూయిస్‌లు అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు.

8. పత్రికలు, ఉత్తరాలు

1787లో లెక్సింగ్టన్‌లో మొదలైన కెంటకీ గెజెట్ పత్రిక పాత సంచికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. 1812 మే నెలలో ఈ కేసు వార్త అందులో వచ్చింది. కెంటకీలోనే ఉన్న రసెల్‌విల్ ఊరి నుంచి వచ్చిన వార్తను మళ్లీ అచ్చేశారు. ముద్దాయిలు జెఫర్సన్ మేనల్లుళ్లని అప్పుడే రాసేశారు. ఒక ఊరి పత్రిక వార్తను మరో ఊరి పత్రిక ఎత్తిరాయడం అప్పటి మామూలు, కనుక అదే వార్త పది పత్రికల్లో కనబడితే పది సాక్ష్యాలు కావు, ఒక్కటే. వార్తలో ఈ నెల పదో తేదీ, గత నెల పదో తేదీ అన్న అర్థమిచ్చే పొట్టి లాటిన్ మాటలుంటాయి. ‘ఇన్‌స్టంట్’ అంటే ఈ నెల, ‘అల్టిమో’ అంటే గత నెల. అది పత్రిక తేదీ నుంచి కాదు, వార్త పుట్టిన ఊరి తేదీ నుంచి లెక్కపెట్టాలి.

కూజా కథ ఎక్కడిదంటే, ఆ ప్రాంతంలో ఉన్న విలియం డిక్కీ అనే ప్రెస్బిటీరియన్ క్రైస్తవ బోధకుడు 1824లో రాసిన ఉత్తరంలోది. బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు దాన్ని 1820లలో ఒకసారి, 1839లో మరోసారి అచ్చేశారు. డిక్కీ స్థానికుడు, నల్లవాళ్లు చెప్పుకున్నది అతని చెవిన పడే అవకాశం ఉంది. కోర్టు విననిది అతను విని ఉండవచ్చు. అదే సమయంలో అతను రాసింది పన్నెండేళ్ల తర్వాత, ఒక ఉద్యమం కోసం. ఈ ఉత్తరాన్ని పారేయకూడదు, కోర్టు కాగితం పక్కన పెట్టి ఎక్కడ కలుస్తుందో ఎక్కడ విడిపోతుందో గుర్తులు పెట్టుకోవాలి. ఇలాంటి జ్ఞాపకాల గని ఒకటి విస్కాన్సిన్ చారిత్రక సంఘంలో ఉంది. లైమన్ డ్రేపర్ 19వ శతాబ్దంలో తిరిగి సేకరించిన సరిహద్దు మనుషుల ఉత్తరాలు, ముఖాముఖీలు అక్కడ ఉన్నాయి.

కుటుంబం పెద్దదైతే ఉత్తరాలు మిగులుతాయి. ‘ఫౌండర్స్ ఆన్‌లైన్’ అనే ఉచిత ప్రభుత్వ వెబ్‌సైటులో లూయిస్ అని వెతికితే, 1809 ఏప్రిల్‌లో ఐషం తన మేనమామకు ఏదైనా ఉద్యోగం ఇప్పించమని రాసిన ఉత్తరం, భూమి కొలిచే పని నేర్చుకోమని జెఫర్సన్ ఇచ్చిన జవాబు దొరుకుతాయి. హంతకుడు కాకముందు అతను పని దొరక్క తిరుగుతున్న ఒక కుర్రవాడు.

న్యూ ఆర్లియన్స్ యుద్ధం కథ ఇంకా ఎడమవైపే ఉంది. అది కుడివైపుకు రావాలంటే 1812 యుద్ధ సైనికుల సేవా పత్రాలు వాషింగ్టన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో చూడాలి. పేరు దొరికినా సంబరపడకండి. ఐషం లూయిస్ అన్న పేరు ఒక్కడికే ఉండదు. వయసు, రెజిమెంటు, ఎక్కడ చేరాడు అన్నవి కలిస్తేనే లెక్క.

9. కోర్టుహౌస్ కాలిపోయి ఉంటే

చాలామంది కథ ఇక్కడికొచ్చి ఆగుతుంది. అంతర్యుద్ధంలో, 1864 డిసెంబరులో, కాన్ఫెడరేట్, అంటే దక్షిణ రాష్ట్రాల పక్షం, జనరల్ హైలన్ లయన్ దళం పశ్చిమ కెంటకీలో పలు కోర్టుహౌస్‌లు తగలబెట్టింది. ఒహాయోలోని సిన్సినాటిలో ఇంకా విడ్డూరం. 1884 మార్చిలో విలియం బెర్నర్ అనే హంతకుడికి ఉరి వేయకుండా తక్కువ శిక్ష వేశారని జనం ఎగబడి కోర్టుహౌస్‌ను తగలబెట్టారు. ఒక హత్య కేసు తీర్పు మీద కోపం వందేళ్ల కేసుల కాగితాలను బూడిద చేసింది.

కాలిపోయిందని విన్న వెంటనే చేతులెత్తేయకండి. ఏ పుస్తకాలు కాలాయో విడిగా అడగండి, ఒక్కోసారి కింది అంతస్తు మిగులుతుంది. అప్పీలు వెళ్లిన కేసైతే నకలు రాష్ట్ర రాజధానిలో ఉంటుంది. పన్ను జాబితాల ప్రతి కూడా రాజధానికి వెళ్లేది. భూమి తగాదాలు తర్వాత ఎప్పుడో కోర్టుకెక్కినప్పుడు పాత హత్యను సాక్షులు ప్రస్తావిస్తారు. లివింగ్‌స్టన్ అదృష్టవశాత్తూ ఈ బాధ పడలేదు.

10. జార్జ్ కోసం

ఇంతసేపూ మనం వెతికింది లూయిస్‌ల కోసం. అన్నీ వాళ్ల పేరు మీదే ఉన్నాయి గనుక. మీ వంశవృక్షంలో ముద్దాయి ఉంటే కాగితాలు ఇలా వచ్చి పడతాయి. హతుడు ఉంటే, అతను బానిస అయితే, దారి వెనక్కి తిప్పాలి.

జార్జ్ పేరు అభియోగపత్రంలో ఉండటానికి కారణం అతను లిల్‌బర్న్ ఆస్తి కావడం. అదే తర్కం పట్టుకుని యజమాని ఆస్తి కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చదవండి, ఈసారి ఇంటిపేరు లేని పేర్ల కోసం. ఆస్తి మదింపు జాబితాలో పేర్లు ఏ వరుసలో ఉన్నాయో యథాతథంగా రాసుకోండి. తల్లి పక్కన పిల్లలు వచ్చేలా రాయడం చాలాచోట్ల కనిపిస్తుంది. అన్నదమ్ముల తండ్రి చార్లెస్ లిల్‌బర్న్ లూయిస్ కుటుంబం వర్జీనియాలోని అల్బెమార్ల్ కౌంటీ నుంచి వచ్చింది. కాబట్టి అక్కడి దస్తావేజుల పుస్తకాల్లో కొడుకుల పేరిట చేసిన బదిలీలు, తనఖాలు, వ్యక్తిగత ఆస్తి పన్ను జాబితాలు చూడాలి. అప్పుల్లో ఉన్నవాళ్లు మనుషులను తనఖా పెట్టేవారు, తనఖా పత్రంలో పేర్లు రాయక తప్పదు.

మీ కాగితంలో జార్జ్‌కు ఒక పేజీ విడిగా తెరవండి. పైన పేరు, కింద సుమారు వయసు, చనిపోయిన తేదీ, చోటు. తల్లి, తండ్రి అన్న గళ్లు ఖాళీగా వదిలేసి, వాటి పక్కన ఇంతవరకు ఏయే పుస్తకాలు ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు చదివారో, ఏ తేదీన చదివారో రాయండి. తర్వాత తెరవాల్సిన పుస్తకం అల్బెమార్ల్‌ది, 1800 నుంచి 1808 వరకు.